గంధగజము

కళింగపట్నము చెంత వంశధార సముద్రములో కలియుచున్నది. ఆ నది వెంట ఎగువకు పోయినచో తూర్పు గాంగుల రాజధానిగా వెలసిన ముఖలింగము కానవచ్చును. ఈ నేలకు ప్రాచీనకాలమున పేరు తెచ్చినవి ఏనుగులు. కళింగరాజునకు 700 ఏనుగులు కలవని రోమను రచయిత ప్లినీ వ్రాసెను. కళింగగజములు ఉత్తమములని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది.

ఏ ఏనుగు వాసన సోకినంతనే తక్కిన ఏనుగులు నిలువలేక తొలగిపోవునో, దానిని మన పూర్వులు గంధగజమనిరి. మదించిన ఏనుగు చెక్కిళ్ళపై తుమ్మెదలు ముసరినవని వర్ణించుట కవులకు పరిపాటి. చదువుకొను రోజులలో మేము ఈ రెండును కవుల కల్పనలే యనుకొంటిమి.

వాసన తెలియుట యెట్లు? గాలిలోని అణువులు ముక్కు పైభాగమందలి తడిపొరలో కరగి, నాడీకణముల గ్రాహకములను అంటును. ఒక్కొక్క కణమున ఒక్కజాతి గ్రాహకమే యుండును. ఏయే గ్రాహకములు మేల్కొన్నవో చూచి మెదడు ఇది మల్లె, ఇది ఇంగువ యని గుర్తించును. 1991లో ఈ గ్రాహకముల జన్యువులను కనుగొన్న లిండా బక్, రిచర్డ్ ఆక్సెలులకు 2004లో నోబెల్ బహుమతి లభించినది. మనకు ఇవి సుమారు 400 రకములు. ఆఫ్రికా ఏనుగునకు 2,000 వరకు కలవు. అదిగాక ఏనుగునకు అంగిటిపై మరియొక ఘ్రాణేంద్రియము కలదు. తొండపు కొనకు అంటిన దానిని అంగిటికి తాకించి, తోటి ఏనుగులు విడిచిన ఫెరోమోను సంకేతములను అది తెలిసికొనును.

2002లో రాస్ముసెన్, రిడిల్, కృష్ణమూర్తి అను శాస్త్రజ్ఞులు మదజలమును పరీక్షించిరి. లేబ్రాయపు మగ ఏనుగు మదజలము తేనెవాసన కలది. ముదిరిన దానిది దుర్గంధము. మొదటిది పెద్దలతో కలహము వలదను విన్నపము. రెండవది పిన్నలు తొలగుడను హెచ్చరిక. తుమ్మెదలను వర్ణించిన కవి ఏనుగును దగ్గరగా చూచినవాడే కావచ్చును.

2007 ప్రాంతమున ఒడిశా అడవుల ఏనుగులు శ్రీకాకుళము, విజయనగరము సీమల పల్లెలకు దిగివచ్చినవి. పంటలు పాడైనవి, మనుష్యులకును ఏనుగులకును ప్రాణహాని కలిగినది. కళింగమునకు ఏనుగు పరదేశి కాదు. మనకు చీకటిగా తోచు రాత్రి దానికి పండిన చేలును, మనుష్యుల జాడలును ముక్కుననే తెలియును. మదించిన పెద్దయేనుగు వాసనకు పిన్న ఏనుగులే తొలగునే! కణతలు తడిసిన ఏనుగును వేడుక చూడబోవు మనము తొలగవద్దా?