సినిమాకు ముందు గోదావరి

సినిమా హాల్లో అసలు బొమ్మకు ముందు వేసే న్యూస్‌రీలు మీలో ఎంతమందికి గుర్తుందో! మా చిన్నతనంలో ఆ పది నిమిషాలూ మగవాళ్ళు బయట నిలబడి సిగరెట్లు కాల్చుకునేవాళ్ళు. ఆడవాళ్ళం మాత్రం లేస్తే సీటు పోతుందన్న భయంతో, పిల్లల్ని సర్దుకుంటూ, ఎవరో మంత్రిగారు ఏదో ఆనకట్టకు శంకుస్థాపన చేస్తుంటే చూస్తూ కూర్చునేవాళ్ళం. దాన్నే డాక్యుమెంటరీ అంటారని నాకు బి.ఏ.లో చేరేదాకా తెలీదు.

అలాంటి ఒక న్యూస్‌రీలు మా అమ్మమ్మ చేత హాల్లో కేక వేయించింది.

మాది చండ్రుగొండ. అమ్మమ్మది భద్రాచలం, గోదావరి ఒడ్డుకు దగ్గరి వీధి. 1986 ఆగస్టు 16న అక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 53కి మూడోదీ ఆఖరుదీ ఇస్తారంటే, అదెంత నీరో మీరే ఊహించుకోండి. అమ్మమ్మ ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. వెనక్కి వెళ్ళేసరికి ఇల్లు లేదు. కొన్నాళ్ళకు కొత్తగూడెంలో సినిమాకు తీసుకెళ్ళాం. తెర మీద గోదావరి వచ్చింది. నీళ్ళు, నీళ్ళ మీద తేలుతున్నట్టు కప్పులు, ఒక కొబ్బరిచెట్టు తల. అమ్మమ్మ లేచి నిలబడి, "అదిగో, మనిల్లు!" అంది. వెనక నుంచి ఎవరో "కూర్చోవమ్మా పెద్దమ్మా" అని విసుక్కున్నారు. అది మా ఇల్లేనో కాదో దేవుడికి తెలియాలి. మర్నాడు మళ్ళీ టిక్కెట్టు కొనిపించుకుని వెళ్ళింది. న్యూస్‌రీలు అవగానే లేచి వచ్చేసింది. ఆ రోజు ఆడిన సినిమా ఏమిటో నాకిప్పుడు గుర్తులేదు.

నలభై ఏళ్ళు కాపురం చేసిన ఇంటికి ఒక్క ఫోటో లేదు. ఉన్నదల్లా మునిగాక తీసిన అర నిమిషం బొమ్మ. అదైనా మాదే అయితే!

నది పక్కన ఉన్న ఊళ్ళను కెమెరా ఎప్పుడు చూసింది, ఎలా చూసింది అని నేను పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టింది ఈ బాధతోనే. నిజం చెప్పాలంటే సినిమా పుట్టడమే నీళ్ళ పక్కన పుట్టింది. ల్యూమియేర్ సోదరులు పారిస్‌లో 1895 డిసెంబరులో ప్రదర్శన మొదలుపెట్టారు. 1896 జులైలో ఆ బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటల్‌కు వచ్చాయి. అదే ఏడాది వాళ్ళ మనిషి ప్రోమియో వెనిస్ వెళ్ళి, కెమెరాను పడవలో పెట్టుకుని, ఊరి కాలువ వెంట పోతూ ఒడ్డున మేడలన్నీ పట్టాడు. కదిలే కెమెరా అనేది అలా మొదలైంది. ఎంత తేలిగ్గా తట్టిన ఆలోచనో చూడండి! పడవ ఎక్కిన ప్రతి ఆడదీ కూర్చునే చోటే కదా అది, ఒడ్డు వెనక్కి జరిగిపోతూ ఉండగా.

1929లో హాలెండు దేశస్థుడు యోరిస్ ఇవెన్స్, ఫ్రాంకెన్ అనే మిత్రుడితో కలిసి 'వాన' అని ఒక చిన్న సినిమా తీశాడు. ఆమ్‌స్టర్‌డామ్ నగరం, దాని కాలువలు, గొడుగులు, ట్రాము అద్దాల మీద జారే చినుకులు. అంతే. ఒక్క జల్లు కురిసి వెలిసినట్టు కనిపించే ఆ పన్నెండు పదమూడు నిమిషాల బొమ్మ కోసం నెలల తరబడి ఎన్నో వానలు పట్టాడు. అందులో ఎవరూ మునగరు, ఎవరూ ఏడవరు. నీళ్ళతో కలిసి బతికే ఊరికి అదొక మామూలు రోజు.

ఇంకోటి అమెరికాది. 1937లో పేర్ లోరెంజ్ మిసిసిపీ నది మీద తీసిన 'ద రివర్'. సినిమా దాదాపు అయిపోవచ్చిందనుకునే వేళ, 1937 జనవరిలో ఒహాయో నదికి మహా వరద వచ్చింది. కెమెరాలు పట్టుకుని అటు పరుగెత్తారు. ఆ సినిమా చెప్పే సంగతి మా అడవి వైపు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు: ఎగువన కొండల మీద చెట్లు నరికితే వాన నీరు ఆగదు, మట్టి కొట్టుకొస్తుంది, దిగువన పట్నాలు మునుగుతాయి. దీనికి మందేమిటంటే డ్యాములు కట్టడం అని ముగిస్తాడు. ప్రభుత్వం తీయించిన సినిమా మరి!

మన ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది 1948లో. ప్రతి హాల్లోనూ వాళ్ళ చిత్రాలు వేసి తీరాలని షరతు. అందుకే మనకు ఆనకట్టలు కట్టేవాళ్ళు కనిపించినంతగా, ఆనకట్ట నీళ్ళలో ఊరు పోయినవాళ్ళు కనిపించలేదు. ఆ రెండోవైపు చూపించింది ఆనంద్ పట్వర్ధన్ లాంటి వాళ్ళు. సిమంతినీ ధురూతో కలిసి 1995లో ఆయన తీసిన 'ఎ నర్మదా డైరీ' అలాంటిది. కానీ అలాంటివి హాళ్ళలో ఎక్కడ ఆడతాయి? తర్వాత్తర్వాత న్యూస్‌రీళ్ళ షరతు కూడా సడలిపోయింది, 2022లో ఫిల్మ్స్ డివిజన్‌ను ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు.

మరి మన గోదావరి? మీరు నవ్వకండి గానీ, నా దృష్టిలో దానికి మిగిలిన మంచి డాక్యుమెంటరీ 'అందాల రాముడు'. 1973లో బాపు-రమణలు తీసిన కథాచిత్రమే, కాదనను. నాగేశ్వరరావు కోసమే చూశాం. అయినా ఆ లాంచి వెనక జరిగిపోయే ఒడ్లు చూడండి, పాపికొండల దారి చూడండి. పోలవరం దగ్గర కాఫర్ డ్యాం కట్టాక ఆ దారిలో దేవీపట్నం వైపు ఊళ్ళు కొన్ని మునిగి, జనం పునరావాస కాలనీలకు పోయారు. హీరో వెనక ఊరికే కనిపించిన రేవులే ఇప్పుడు దస్తావేజులు.

2022 జులైలో భద్రాచలం దగ్గర మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఈసారి న్యూస్‌రీలుతో పనిలేదు, ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. మా చండ్రుగొండలో నా ఫోనుకే ఒక పూటలో అరవై వీడియోలు వచ్చాయి. అన్నీ నీళ్ళే. కరకట్ట ఊరిని కాపాడింది. అయితే నది పొంగినప్పుడు స్లూయిజులు మూసేస్తారు కాబట్టి, ఊళ్ళో కురిసిన వాన బయటికి పోలేక వీధుల్లోనే నిలుస్తుంది. మోటార్లు పెట్టి తోడాలి. ఆ మోటారు దగ్గర రాత్రంతా కూర్చున్న మనిషి వీడియో ఒక్కటీ నాకు రాలేదు.

మా అమ్మమ్మకు మెట్ల లెక్క ఉండేది. నీళ్ళు ఫలానా మెట్టు దాటితే బియ్యం అటక మీదికి, ఇంకో రెండు మెట్లు ఎక్కితే గేదెను మెరక మీది చుట్టాలింటికి, ఆ పైన పిల్లలు. పచ్చడి జాడీలు ఆఖరున! ఈ లెక్క ఏ కెమెరా పట్టలేదు. ఆవిడతోనే పోయింది. నాకు తెలిసింది నాలుగు ముక్కలు, అవీ అమ్మ చెప్పగా విన్నవి.

అందుకే పోయిన వేసవిలో, నీళ్ళు బాగా తీసి ఇసుక మేటలు తేలిన రోజు చూసి, అమ్మను తీసుకుని పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళాను. ఫోను తెరిచి పట్టుకుని, "ఇల్లెక్కడుండేదో చెప్పమ్మా" అన్నాను. అమ్మ కరకట్ట మీద నిలబడి కాసేపు అటూ ఇటూ చూసింది. చీర కొంగు గాలికి ఫోను మీద పడుతోంది. కట్ట కింద బట్టలు ఆరేస్తున్న ఒకామె, "ఎవరిల్లు వెతుకుతున్నారమ్మా?" అని అడిగింది. అమ్మ చెప్పింది. ఆవిడకూ తెలీదు. ఇద్దరూ అక్కడే కూర్చుని, ఆ వీధిలో ఎవరి తర్వాత ఎవరి ఇల్లో లెక్క కట్టడం మొదలుపెట్టారు. రెండు ఇళ్ళ దగ్గర పేచీ వచ్చింది.

నేను ఫోను ఆపలేదు. ఛార్జింగు అయిపోయేదాకా నలభై నిమిషాలు వచ్చింది. అందులో సగం పేచీయే.