జహీరాబాద్ నుంచి డిప్లొమా దారి

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని మిత్రులు అడిగారు. నా ఒక్కడి ముచ్చట కాకుండా, మన బడి పిల్లలు ఎందరో నడిచిన ఒక దారి గురించి రాద్దామనుకున్నాను.

మాది బీదర్ జిల్లా నుంచి వలస వచ్చిన కుటుంబం. ఇంట్లో కన్నడం, బజారులో ఉర్దూ, బడిలో తెలుగు. మొదట్లో నేను లేచి తెలుగు వాచకం చదివితే తరగతంతా నవ్వేది. 'వలస' అన్న మాట మా తాతకు మాత్రం నచ్చేది కాదు. ఆయన పడుచుతనంలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసింది. జహీరాబాద్ తాలూకాలో చాలా భాగం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదక్ జిల్లాలో చేరింది. మనం కదలలేదు, సరిహద్దే కదిలింది అనేవాడు తాత.

నేను 1986లో పదో తరగతి పాసయ్యాను. అప్పటికి మన ఊళ్లో ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ నడుస్తోంది. హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి చిన్న ట్రక్కులు తయారుచేసిన ఆ ఫ్యాక్టరీయే తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. నన్ను పనిలో పెట్టాలనుకున్నాడు. లెక్కల సారు ఇంటికొచ్చి, "పిలగాణ్ణి పాలిటెక్నిక్‌ల చేర్పించు. మూడేండ్లల నౌకరి దొరుకుతది, ఆపైన సదువు వాడే సూసుకుంటడు" అన్నారు.

సారు మాట నిజమైంది. మెకానికల్ డిప్లొమా చేతికి రాగానే పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. ఖైరతాబాద్ విశ్వేశ్వరయ్య భవన్‌కు వెళ్లి ఏఎంఐఈకి పేరు నమోదు చేయించుకున్నాను. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నడిపే పరీక్ష అది. ఉద్యోగం చేస్తూ సెక్షన్ ఎ, సెక్షన్ బి పాసైతే ఇంజనీరింగ్ డిగ్రీతో సమానంగా లెక్క. పగలు షాప్ ఫ్లోర్, రాత్రి పుస్తకం. కొన్ని పేపర్లు రెండేసి సార్లు తప్పాను. 1996లో గట్టెక్కాను.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇంజనీరునయ్యాక డిప్లొమా సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక ఇంటర్వ్యూలో "డిప్లొమానా?" అని ఒకాయన పెదవి విరిచిన నాటి నుంచి ఆ మాట దాచాను. అంతటితో ఆగలేదు. మా అబ్బాయి పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో చేరతానంటే, నలుగురూ ఏమనుకుంటారోనని నేనే వద్దన్నాను.

2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద పర్సెవరెన్స్ రోవర్ దిగినప్పుడు, ఆ బృందంలోని ఇంజనీరు డయానా ట్రుహియో గురించి చదివాను. 17 ఏళ్లకు కొలంబియా దేశం నుంచి 300 డాలర్లతో అమెరికా చేరింది. ఇళ్లు శుభ్రం చేస్తూ, ఇంగ్లీషు నేర్చుకుంటూ, మయామీలో కమ్యూనిటీ కాలేజీలో చదివింది. అక్కడి నుంచి ఫ్లోరిడా యూనివర్సిటీకి, ఆపైన నాసాకు వెళ్లింది. కమ్యూనిటీ కాలేజీ అంటే మన పాలిటెక్నిక్‌కు దగ్గరి చుట్టం లాంటిదే. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టి, తర్వాత పెద్ద చదువుకు మారవచ్చు. ఆమె ఆ సంగతి దాచలేదు. నేను ముప్పై ఏళ్లుగా దాస్తున్నాను.

2013 మే 31 తర్వాత చేరినవారికి ఏఎంఐఈని డిగ్రీతో సమానంగా చూడటం లేదు. ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఈసెట్ దారి మాత్రం తెరిచే ఉంది. డిప్లొమా చేసిన పిల్లలు అది రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. మన బడి పదో తరగతి పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఈ మాట చెప్పడానికి ఏటా ఒక పూట వస్తాను. మిగతా డిప్లొమా మిత్రులూ రావాలని కోరుతున్నాను.

సంచిక సంపాదకులకు ఒక మనవి. పూర్వ విద్యార్థుల పట్టికలో నా పేరు పక్కన డిప్లొమా అని ముందు వేయండి. మిగతావి ఆ తర్వాతే.