అనకాపల్లి బెల్లం: నాణ్యత చూసి విలువ కట్టే పద్ధతుల చరిత్ర

అనకాపల్లి శారదా నది ఒడ్డునున్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న ఇదే పేరుతో ఏర్పడిన జిల్లాకు కేంద్రం. ఇక్కడి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ తర్వాత దీన్నే చెప్పుకుంటారు. రైతు తెచ్చిన దిమ్మను వర్తకుడు కంటితో చూసి, చేత్తో నొక్కి, చిన్న పెచ్చు నోట్లో వేసుకుని ధర కట్టడం ఈ వ్యాపారానికి మూలం. ఈ మూడు పరీక్షల్లో రానురాను కంటిదే పైచేయి అయింది. దిమ్మ పచ్చగా మెరిస్తే ఎక్కువ ధర, నలుపు తిరిగితే తక్కువ ధర అనే లెక్క స్థిరపడింది. ఆ లెక్క ఎలా వచ్చింది, దానివల్ల బెల్లం వంట ఎలా మారింది, శాస్త్ర పరీక్షలు ఏం చెబుతున్నాయి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు. రుచి చూసి విలువ కట్టడాన్ని ఒక వృత్తిగానే పెంచుకున్న స్కాచ్ విస్కీ పరిశ్రమ అనుభవం కూడా ఇందులో పోలికకు వస్తుంది.

చెరకు, పరిశోధన

అనకాపల్లి, చోడవరం, మాడుగుల, యలమంచిలి ప్రాంతాలు చిరకాలంగా చెరకు పండించే నేలలు. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది, 1913లో, అనకాపల్లిలో పరిశోధన కేంద్రం మొదలైంది. నేడు అది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంగా పనిచేస్తోంది. ఇక్కడ రూపొందిన చెరకు రకాల పేర్లలో 'ఎ' అక్షరం అనకాపల్లిని సూచిస్తుంది. విశ్వామిత్రగా పిలిచే 87ఎ298, శారదగా పిలిచే 93ఎ145 ఇలా వచ్చినవే. ఎకరాకు దిగుబడి, రసంలో తీపి మాత్రమే కాకుండా బెల్లం ఎలా దిగుతుందన్నది కూడా రకం ఎంపికలో చూడాలన్న ఆలోచన ఈ కేంద్రం పనిలో ఉంది. చక్కెర మిల్లుకు బాగా పనికొచ్చే చెరకంతా మంచి బెల్లం ఇవ్వదు.

పెనం దగ్గర నిర్ణయమయ్యే నాణ్యత

సాధారణంగా టన్ను చెరకుకు వంద కిలోల చుట్టుపక్కల బెల్లం వస్తుంది. కోసిన చెరకును ఆలస్యం చేయకుండా గానుగాడాలి. రోజు దాటితే రసంలోని సుక్రోజు విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారడం మొదలవుతుంది. ఈ విరిగిన చక్కెరలు పెరిగిన కొద్దీ దిమ్మ గట్టిపడదు, రవ్వ కట్టదు, వానాకాలంలో చెమ్మ పీల్చి జారిపోతుంది.

పచ్చి రసం కొంచెం పులుపు గుణంతో ఉంటుంది, పీహెచ్ 5.2 నుంచి 5.4 దాకా. అలాగే కాస్తే సుక్రోజు మరింత విరుగుతుంది. అందుకే రసంలో సున్నపు తేట కలుపుతారు. సున్నం తగ్గితే బెల్లం మెత్తబడుతుంది, ఎక్కువైతే నల్లబడుతుంది. రసం కాగేటప్పుడు పైకి తేలే తెట్టును ఎప్పటికప్పుడు తీసేయాలి. తెట్టు తేలికగా విడిపోవడానికి బెండ మొక్క జిగురు కలపడం పాతకాలపు పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతే. చెరకు పిప్పినే వంటచెరకుగా వాడతారు కాబట్టి మంట ఒక్క తీరున ఉండదు. దాన్ని అదుపులో పెట్టడం పొయ్యి దగ్గరి మనిషి నేర్పు.

పాకం 118 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చినప్పుడు దించాలి. బెల్లం వండేవారు దీన్ని థర్మామీటరుతో కాదు, నీళ్ల గిన్నెతో తేల్చుకుంటారు. గరిటతో కొద్దిగా పాకం తీసి చల్లని నీళ్లలో వేస్తారు. వేళ్లతో కూడదీస్తే ముద్ద కట్టి, గిన్నె అంచుకు కొడితే టక్కుమని చప్పుడు రావాలి. అప్పుడు పెనం దింపి, పాకాన్ని చల్లార్చే తొట్టిలో పోసి తెడ్డుతో కలుపుతారు. దిమ్మ విలువలో ఎక్కువ భాగం ఈ కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది. క్షణం ఆలస్యమైతే మాడు వాసన, క్షణం ముందైతే జిగురు.

మార్కెట్, వేలం

మద్రాసు రాష్ట్రంలో 1933లో వచ్చిన వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1966లో వచ్చిన వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టం పంట కొనుగోళ్లను నియంత్రిత యార్డుల్లోకి తెచ్చాయి. వేలం బహిరంగంగా జరగడం, తూకానికి లెక్క ఉండడం ఈ చట్టాల ఫలితం. అనకాపల్లి యార్డులో ఏజెంట్లు, వర్తకులు, కొలగార్లు, కళాసీలు ఎవరి పని వారు చేస్తుంటారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా రాబడి ఎక్కువ. ఇక్కడి సరుకు ఒడిశా, పశ్చిమ బెంగాల్, బిహార్ వంటి రాష్ట్రాలకు వెళ్తుంది. కొంత సరుకును శీతల గిడ్డంగుల్లో దాచి, బెల్లం దొరకని నెలల్లో అమ్ముతారు.

వరుసగా పేర్చిన దిమ్మల మధ్య నడుస్తూ వర్తకుడు మొదట చూసేది వన్నె. తర్వాత గట్టిదనం: బొటనవేలితో నొక్కితే దిగకూడదు, పగలగొడితే లోపల రవ్వ కనబడాలి, చెయ్యికి జిగురు అంటకూడదు. ఆఖరున రుచి. ఉప్పదనం తగిలితే చౌడు నేలలోనో, ఉప్పు నీటితోనో పెరిగిన చెరకని అర్థం. చేదు తగిలితే పాకం మాడిందని, పులుపు తగిలితే చెరకు నిలవ ఉందని అర్థం. ఇన్ని చూసినా సరుకును మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేటప్పుడు రంగే ముందుకొస్తుంది. వేలంలో రోజుకు ఎన్నో రాశులు తెమలాలి, ప్రతి దిమ్మనూ కొరికి చూడడం కుదరదు. దూర రాష్ట్రాల్లో కొనేవారు కూడా రంగు చూసే ఆర్డరు పెడతారు. ఆ తొందర నుంచే వన్నెకు ఇంత విలువ వచ్చింది.

రంగు ఎందుకు మారుతుంది

బెల్లం నలుపు తిరగడానికి కారణాలు చాలానే ఉన్నాయి. రసంలోని ఫినాలిక్ పదార్థాలు గానుగ, పెనం నుంచి వచ్చే ఇనుముతో కలిసి ముదురు రంగు ఇస్తాయి. నత్రజని ఎరువు మోతాదు మించినా, ఆలస్యంగా వేసినా రంగు, నిలవ రెండూ దెబ్బతింటాయి. గాలివానకు పడిపోయిన చెరకులో తీపి తగ్గి, బెల్లం మెత్తగా దిగుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఈ ప్రాంతపు చెరకు తోటలను పడగొట్టింది. అలాంటి ఏడాది రైతు ఎంత జాగ్రత్తగా వండినా పచ్చటి దిమ్మ తేవడం కష్టం. అంటే ముదురు రంగు ప్రతిసారీ రైతు తప్పును చెప్పదు. శుభ్రంగా, మందులేవీ కలపకుండా వండిన మంచి బెల్లం కూడా సహజంగా గోధుమ రంగులోనే ఉంటుంది.

హైడ్రోస్ వచ్చిన దారి

రంగుకు ధర పలకడం మొదలయ్యాక రంగు తెచ్చే మందు పెనం దగ్గరికి వచ్చింది. సోడియం హైడ్రోసల్ఫైట్‌ను వాడుకలో హైడ్రోస్ అంటారు. కాగే రసంలో ఇది వేస్తే ముదురు రంగు విరిగి దిమ్మ లేత పసుపులో తేలుతుంది. ఈ వన్నె నిలవదు. గాలి తగిలేకొద్దీ రంగు మళ్లీ ముదురుతుంది, గంధకపు అవశేషం మాత్రం బెల్లంలో మిగిలిపోతుంది. ఆహార భద్రతా నిబంధనలు బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు 70 పీపీఎం మించకూడదని పరిమితి పెట్టాయి. ఉబ్బసం ఉన్నవారికి సల్ఫైట్లు ఆయాసం తెప్పించగలవు.

ఇందులో రైతును ఒక్కడినే నిందించడం న్యాయం కాదు. మందు వేయకుండా వండినవాడు మూడో రకం ధరకు అమ్ముకుని, వేసినవాడు మొదటి రకం ధర అందుకునే చోట నిజాయితీకి నష్టమే మిగులుతుంది. పరిశోధన కేంద్రం ఏళ్లుగా సేంద్రియ పద్ధతిలో బెల్లం వంట, బెల్లం పొడి, పాకం తయారీలో శిక్షణ ఇస్తోంది. వేలంపాట తీరు మారనంత కాలం ఆ శిక్షణ ఫలితం సగమే అందుతుంది.

ప్రయోగశాల కొలమానాలు

వ్యవసాయ ఉత్పత్తుల గ్రేడింగు, మార్కింగు చట్టం 1937లో వచ్చింది. అగ్‌మార్క్ ముద్రకు ఆధారం ఇదే. ఆహార నిబంధనల ప్రకారం బెల్లంలో, తేమ తీసేసి లెక్కిస్తే, మొత్తం చక్కెరలు కనీసం 90 శాతం, సుక్రోజు కనీసం 60 శాతం ఉండాలి. బూడిద 6 శాతం మించకూడదు. ఈ కొలతల్లో రంగుకు కనీస హద్దు లేదన్నది గమనించాలి. యార్డులో మొదట చూసేది చట్టం అడగనే అడగదు. చట్టం అడిగేవి యార్డులో కంటికి కనబడవు.

స్కాచ్ మాల్ట్ విస్కీ అనుభవం

రుచి చూసి విలువ కట్టడంలో ప్రపంచంలో బాగా పేరున్నది స్కాట్లాండ్ విస్కీ వ్యాపారం. మొలకెత్తించిన బార్లీతో, ఒకే బట్టీలో తయారైనది సింగిల్ మాల్ట్. వేర్వేరు బట్టీల సింగిల్ మాల్టులను కలిపితే బ్లెండెడ్ మాల్ట్. అందులో వేరే ధాన్యాల విస్కీ ఉండదు. 1853లో ఆండ్రూ అషర్ అమ్మకానికి తెచ్చిన ఓల్డ్ వాటెడ్ గ్లెన్‌లివెట్ ఈ కలయికలకు తొలి ఉదాహరణల్లో ఒకటి. చాలాకాలం దీన్ని వాటెడ్ మాల్ట్, ప్యూర్ మాల్ట్ అని రకరకాలుగా పిలిచారు. 2003లో కార్డూ అనే సింగిల్ మాల్టును అదే పేరుతో, దాదాపు అదే సీసాలో ప్యూర్ మాల్టుగా మార్చి అమ్మినప్పుడు పరిశ్రమలోనే పెద్ద వివాదం రేగింది. ఆ తర్వాత వచ్చిన 2009 స్కాచ్ విస్కీ నిబంధనలు ప్యూర్ మాల్ట్ అనే మాటను తొలగించి, బ్లెండెడ్ మాల్టును ఐదు తరగతుల్లో ఒకటిగా నిర్వచించాయి. స్కాచ్ కనీసం మూడేళ్లు ఓక్ పీపాల్లో ఉండాలి, ఆల్కహాలు కనీసం 40 శాతం ఉండాలి. సీసాపై వయసు వేస్తే అది అందులోని అతి చిన్న వయసు విస్కీదే కావాలి.

అక్కడా రంగు మోసం చేయగలదు. స్కాచ్‌లో నీరు కాకుండా చట్టం అనుమతించే ఒకే ఒక్క చేర్పు మామూలు కారమెల్, అంటే మాడ్చిన చక్కెర రంగు. ముదురు రంగు చూసి పాత విస్కీ అనుకునే కొనుగోలుదారు పొరబడవచ్చు. అందుకే విస్కీలు కలిపే నిపుణులు రంగును లెక్కలోకి తీసుకోరు. నమూనాలో నీళ్లు కలిపి, ఆల్కహాలు ఘాటు సుమారు 20 శాతానికి తగ్గించి, ప్రధానంగా వాసనతోనే తీర్పు చెబుతారు. ఒకే బట్టీ పేరు లేనందువల్ల బ్లెండెడ్ మాల్ట్ అదే వయసున్న సింగిల్ మాల్టు కంటే తరచు తక్కువ ధరకు వస్తుంది. గుణం తక్కువని కాదు, పేరుకున్న గిరాకీ తక్కువని.

ఈ రెండు సరుకులకూ మన దేశంలో మరో చుట్టరికం ఉంది. భారతీయ విస్కీల్లో చాలావాటికి ఆధారం ధాన్యం కాదు, చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్. యూరోపియన్ యూనియన్ ధాన్యంతో చేయని దాన్ని విస్కీగా గుర్తించదు. ఇక్కడి కంపెనీలు పీపాల కొద్దీ దిగుమతి చేసుకున్న స్కాచ్ మాల్టును దేశవాళీ మద్యంలో కలిపి రుచి తెప్పిస్తాయి.

నల్లబెల్లం, సారా

వన్నె లెక్కలో ఆఖరున నిలిచే నల్లబెల్లానికి పశువుల దాణా ఒక దారి, నాటుసారా మరో దారి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా వ్యాపించిన మహిళల సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. ఈ పరిణామాలతో నల్లబెల్లం అమ్మకాలపై ఎక్సైజు శాఖ నిఘా పెరిగింది. వన్నె తగ్గిందన్న ఒక్క కారణంతో మంచి బెల్లాన్ని కూడా అనుమానించే పరిస్థితి రైతుకు ఎదురైంది. హైడ్రోస్ వైపు మొగ్గడానికి ఇదీ ఒక ఒత్తిడే.

వంటింటి తీర్పు

యార్డులో జరగని పరీక్ష వంటింట్లో జరుగుతుంది. సంక్రాంతికి అరిసెలు వండేవారికి బెల్లం గుణం తెలియడానికి పావుగంట చాలు. సుక్రోజు నిండుగా ఉన్న బెల్లమైతే పాకం వేళకు ముదిరి పిండిని పట్టుకుంటుంది. విరిగిన చక్కెరలు ఎక్కువైతే పాకం సాగుతూనే ఉండి, అరిసె నూనెలో విడిపోతుంది. కరిగించినప్పుడు అడుగున మడ్డి, ఇసుక ఎంత చేరిందో కూడా అప్పుడే కనబడుతుంది. ఇంట్లో బెల్లం కొనేవారు మరీ తెల్లగా, లేత పసుపుగా ఉన్న దిమ్మను పక్కనపెట్టి, గోధుమ వన్నెలో గట్టిగా ఉన్నదాన్ని తీసుకోవడం మేలు. చిన్న ముక్క నోట్లో వేసుకుని ఉప్పదనం, చేదు లేవని చూసుకోవాలి.

నేటి స్థితి

చెరకు సాగు ఖర్చు, కూలీల కొరత, మిల్లుల ఇబ్బందుల వల్ల ఈ జిల్లాలో చెరకు విస్తీర్ణం తగ్గుతూ వచ్చింది. రసాయనాలు లేని బెల్లానికి నగరాల్లో గిరాకీ పెరిగింది. ఆ లాభం అనకాపల్లి రైతుకు అందాలంటే యార్డులో నమూనా తీసి తీపి, తేమ, గంధకపు అవశేషం కొలిచే ఏర్పాటు వేలానికి ముందే ఉండాలి, ఆ ఫలితం రాశి పక్కన రాసి పెట్టాలి. స్కాట్లాండ్ ఒక మాట అర్థాన్ని చట్టంలో తేల్చి కొనేవారి నమ్మకాన్ని కాపాడుకుంది. 1913 నుంచి పరిశోధన కేంద్రం ఉన్న ఊరికి బెల్లం గుణాన్ని తేల్చి చెప్పడం అసాధ్యమేమీ కాదు. బెల్లానికి ధర కట్టాల్సింది రుచి, శుద్ధి. రంగు వాటి తర్వాతే.