మంజిల్ దాకా రాస్తా ఉందా?

మా భాంజా ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సొంతంగా ఓ గేమ్ రాసుకుంటున్నాడు. మొన్న జుమ్మా నాడు ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. "మామూ, బాట్‌ని ఓ జాగాకి పొమ్మంటే గేమ్ మొత్తం అటక్ అయితుంది" అన్నాడు. చూస్తే, దర్వాజా లేని కమ్రాలో మంజిల్ పెట్టాడు! రాస్తా లేదన్న సంగతి ఆ బేచారా బాట్‌కి ఎవరు చెప్పాలి?

అఖ్బార్ నౌకరీ చేసేవాడికి తవ్వే ఆదత్ పోదు కదా. దీని తారీఖ్ వెతికాను.

1956లో డైక్‌స్ట్రా ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే బీవీతో ఓ కఫేలో కూర్చుని, కాగితం కలం లేకుండా, 20 నిమిషాల్లో ఛోటా రాస్తా హిసాబ్ తేల్చాడు. అచ్చయింది 1959లో. కానీ నెదర్లాండ్స్‌లో ఒక షహర్ నుంచి ఇంకో షహర్‌కి రాస్తా ఉందా అని ఎవరూ అడగరు. ఏది దగ్గర అన్నదే సవాల్. 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ 'షేకీ' అనే రోబో కోసం ఎ-స్టార్ తెచ్చారు. ఇది మంజిల్ ఎంత దూరమో అందాజా వేసుకుంటూ అటువైపే నడుస్తుంది. రాస్తా ఉంటే మహా తేజ్. లేకపోతేనే ముసీబత్. చేరగలిగిన ప్రతి గల్లీ తిరిగి, ఇంకేమీ మిగలనప్పుడు గానీ 'నహీ' అనదు. భాంజా గేమ్‌కి పట్టిన బీమారీ ఇదే.

చిన్నప్పుడు పాతబస్తీలో అమ్మీ ఏదైనా ఇచ్చి రమ్మంటే, గల్లీ మొదట్లో కూర్చున్న బడే మియా "ఆగే బంద్ హై బేటా" అనేవాడు. నడక మిగిలేది. కోడ్‌లోనూ అలాంటి బడే మియా కావాలి. ఒకదానికొకటి కలిసిన జాగాలన్నింటికీ ముందే ఒక నంబర్ ఇచ్చేయాలి. బాట్ నంబర్, మంజిల్ నంబర్ వేరైతే వెతకడమే దండగ.

ఇంత ఆసాన్ అయితే కిస్సా ఇక్కడే ఖతమ్. 1999లో వచ్చిన క్వేక్ 3 అరీనా బాట్ రాసిన యాన్ పాల్ వాన్ వావెరెన్ పని చూడండి. డెల్ఫ్ట్ యూనివర్సిటీలో 2001లో తన థీసిస్‌గా ఆయన దాన్నంతా వివరించాడు. ఆట మొదలుకాకముందే నక్షాని చిన్న చిన్న ఇలాఖాలుగా కోసి, ఒకదాంట్లోంచి పక్కదాంట్లోకి ఎలా పోవాలో రాసిపెట్టాడు. నడిచా, దూకా, ఈదా, లిఫ్ట్ మీదా, రాకెట్ పేల్చి ఆ ధక్కాకి ఎగిరా? ప్రతి రాస్తాకి దిశ ఉంది. మిద్దె మీంచి కిందికి దూకే రాస్తా ఉందంటే పైకి ఎక్కే రాస్తా ఉన్నట్టు కాదు. రాకెట్ ఎగురుడు మనా చేస్తే అదే నక్షాలో కొన్ని జాగాలు అందకుండా పోతాయి. అంటే జవాబు నక్షాలోనే కాదు, నడిచేవాడి తాఖత్‌లో కూడా ఉంది. బాట్ అడిగితే ప్రయాణ సమయం చెబుతుంది. ఉన్న ఇలాఖాయే మంజిల్ అయితే 1, రాస్తాయే లేకపోతే 0. ఆ సున్నాని నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

2005లో ఆ కోడ్ అందరికీ ఖుల్లా చేశారు. 2017లో వాన్ వావెరెన్ ఇంతెఖాల్ అయ్యాడు. ఆ రాత మాత్రం ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

నిన్న రాత్రి భాంజా ఫోన్. నంబర్లు ఇచ్చాడట, గేమ్ అటక్ కావడం లేదట. కానీ బాట్ మందు డబ్బా కోసం గుంతలోకి దూకి అక్కడే తిరుగుతోంది. దిగే రాస్తాని ఎక్కే రాస్తాగా కూడా లెక్కేశాడు వీడు.

"బాణం గుర్తులు పెట్టు బేటా" అన్నాను.