రిటైరైన ఓడల సేవ



మన సంగం జాగర్లమూడి వైపు వారికి పడవ అనగానే కొమ్మమూరు కాలువ జ్ఞాపకం వస్తుంది. పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువలో కలిసే ఈ కాలువ ద్వారా సరుకు పడవలు మద్రాసు దాకా వెళ్ళేవి. ఇసుక మేట వేసిన చోట పడవ కదలదని మన పెద్దలకు తెలుసు. అదే ఇసుక ఒకప్పుడు విశాఖపట్నం రేవుకూ గండమైంది.

నైరుతి ఋతుపవనాల కాలంలో కెరటాలు తీరం వెంబడి ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి తోస్తాయి. రేవు ముఖద్వారం తవ్విన కొద్దీ పూడిపోతుంది. నిర్మాణ కాలంలో ఇంజనీర్లు దీనికి ఒక ఉపాయం చేశారు. కాలం తీరిన రెండు పాత ఓడలను (వాటిలో ఒకటి జానస్) డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర కావాలని ముంచి, రాళ్ళతో నింపి అలలకు అడ్డుకట్టగా నిలిపారు. దాని చాటున ఇసుక ఆగేది, తవ్వోడ నిలకడగా పని చేసుకునేది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ రేవులో ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు.

అయితే ఒకచోట ఆగిన ఇసుక మరొకచోటికి చేరదు. ఉత్తరాన రామకృష్ణా బీచి కోతకు గురైంది. తవ్విన ఇసుకను పంపి ఆ తీరాన్ని నింపుకోవలసి వచ్చింది.

అనుకోకుండా తీరమెక్కిన ఓడ కథ వేరు. 2020 అక్టోబరు 13 తెల్లవారుజామున తీవ్ర వాయుగుండం గాలులకు లంగరు నిలవక, బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' తెన్నేటి పార్కు దిగువన రాళ్ళపైకి కొట్టుకువచ్చింది. పదిహేను మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. ఇటువంటి సందర్భంలో మొదట మనుషులు, తరువాత ఇంధనం, ఆఖరున ఓడ. నూనె సముద్రంలో కలిస్తే జాలరుల పొట్ట కొట్టినట్లే గదా! ఓడను తిరిగి నీటిలో తేల్చే ప్రయత్నం ఫలించలేదు. దానిని హోటలుగా మార్చాలనే ప్రతిపాదన తరువాత వచ్చింది.

సర్వీసు ముగిసిన ఓడలు కూడా ఒక రేవును నిలబెట్టాయి. మనుమలను విశాఖ తీసుకువెళ్ళినప్పుడు బీచిలో ఆడించి ఊరుకోక, డాల్ఫిన్స్ నోస్ చూపించి ఈ సంగతి చెప్పవలసిందిగా మిత్రులకు మనవి.