సోమదేవ సూరి

సోమదేవ సూరి 10వ శతాబ్దానికి చెందిన జైన తాత్త్వికుడు, సంస్కృత గ్రంథకర్త. వేములవాడ చాళుక్యులు పాలించిన సబ్బినాడు (నేటి కరీంనగర్ ప్రాంతం) ఈయన కార్యక్షేత్రం. తర్కంలో దిట్ట అయినప్పటికీ తత్త్వవిచారాన్ని పండిత సభలకే పరిమితం చేయలేదు. గృహస్థు తన దినచర్యలో ఏది తగును, ఏది తగదు అని తేల్చుకోవడానికి దానిని సాధనంగా మలచాడు.

కాలము, ప్రదేశము

సోమదేవుడు నేమిదేవుని శిష్యుడు. ఈయన రచించిన యశస్తిలక చంపువు శక సంవత్సరం 881 (క్రీ.శ. 959) చైత్రమాసంలో గంగాధరలో పూర్తయింది. అప్పుడు అక్కడి పాలకుడు వాగరాజు. పంపకవిని పోషించిన రెండవ అరికేసరికి ఇతడు పెద్దకుమారుడు. ఈ గంగాధర, కరీంనగర్ జిల్లాలో అదే పేరు గల మండల కేంద్రమేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. పంపకవి తమ్ముడు జినవల్లభుని శాసనం గల బొమ్మలగుట్ట (కురిక్యాల) ఆ మండలంలోనిదే.

966లో మూడవ అరికేసరి, లేంబులపాటక (వేములవాడ)లో తన తండ్రి బద్దెగ కట్టించిన శుభధామ జినాలయం నిమిత్తం వనికటుపులు అనే గ్రామాన్ని సోమదేవునికి దానం చేశాడు. ఈ సంగతి పర్భణీ తామ్రశాసనం వల్ల తెలుస్తున్నది.

పిండికోడి కథ

యశస్తిలకంలో ఎనిమిది ఆశ్వాసాలున్నాయి. కథానాయకుడు ఉజ్జయిని రాజు యశోధరుడు. భార్య అమృతమతి నడత తెలిసి విరక్తుడైన రాజు, రాజ్యం విడిచిపోవడానికి సాకుగా తనకు పీడకల వచ్చిందని తల్లి చంద్రమతికి అబద్ధం చెబుతాడు. దోషశాంతికి జంతుబలి ఇమ్మంటుంది తల్లి. రాజు ఒప్పుకోడు. ఇద్దరి మధ్య సాగే దీర్ఘమైన వాదమే గ్రంథానికి ప్రాణమని చెప్పవచ్చు. తల్లి వాదన తేలికైనదేమీ కాదు; ఆమె శాస్త్రప్రమాణాలు చూపుతుంది, ఆచారాన్ని గుర్తుచేస్తుంది. చివరకు పిండితో చేసిన కోడిని బలి ఇవ్వడానికి రాజు మెత్తబడతాడు. ప్రాణం లేని పిండిబొమ్మను కోయడం హింస అవుతుందా? అవుతుందనే సోమదేవుని సమాధానం. చేతిలో ఉన్నది పిండి అయినా మనసులో ఉన్నది చంపాలన్న సంకల్పమే. అమృతమతి పెట్టిన విషంతో తల్లీకొడుకులు మరణించి పలు జంతుజన్మలు ఎత్తుతారు.

గృహస్థధర్మము

చివరి మూడు ఆశ్వాసాలను ఉపాసకాధ్యయనం అంటారు. సంకల్పం గురించిన విచారం ఇక్కడ ఇంకా స్పష్టమవుతుంది. దున్నేటప్పుడు నాగలి కింద ఎన్నో సూక్ష్మప్రాణులు చచ్చినా రైతు పాపి కాడట. వలలో ఒక్క చేపైనా పడకపోయినా జాలరి పాపి అవుతాడట. ఈ నిర్ణయం జాలరి వృత్తి పట్ల కఠినమైనదే. అయితే మొదట పడ్డ చేపను వదిలివేస్తానని వ్రతం పట్టి, మళ్ళీ మళ్ళీ అదే చేప చిక్కినా వదిలిన మృగసేనుడనే జాలరి కథను కూడా ఆయనే చెప్పాడు.

సమ్యక్త్వానికి, వ్రతాలకు భంగం కలగనంతవరకు జైన గృహస్థు లోకాచారాన్ని పాటించవచ్చునని ఆయన మతం. పొరుగువారితో కలిసి బ్రతకవలసిన గృహస్థులకు ఇది ఎంతో వెసులుబాటు.

నీతివాక్యామృతము

ఇది సూత్రాల రూపంలో 32 సముద్దేశాలుగా ఉన్న రాజనీతి గ్రంథం. ఆన్వీక్షికి, అంటే హేతువులతో పరిశీలించే విద్య, ఇందులో విడిగా ఒక సముద్దేశం. ఆ విద్య నేర్చినవాడు చేయబోయే పనుల బలాబలాలను కారణాలతో తూచుకుంటాడని, ఆపదలో క్రుంగడని, సంపదలో పొంగడని సోమదేవుని అభిప్రాయం. కౌటిల్యుడు కూడా విద్యలలో దీనికే మొదటిస్థానం ఇచ్చాడు.

యశస్తిలకంపై అస్సాం పండితుడు కృష్ణకాంత హండికి ఆంగ్లంలో రచించిన సమగ్ర అధ్యయనం 1949లో షోలాపూర్ నుండి వెలువడింది.