నాగేశ్వరరావు పార్కు: మైలాపూరు నడుమ ఒక తెలుగు పేరు

చెన్నై మహానగరంలోని మైలాపూరులో, లజ్ కూడలికి సమీపాన, లజ్ చర్చి రోడ్డును ఆనుకొని సుమారు నాలుగు ఎకరాల ఉద్యానవనం ఉన్నది. తెల్లవారకముందే నడకకు వచ్చే వయోధికులు, సాయంత్రం బడి వదిలాక పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లులు, ఆదివారం నాడు ఇంటిల్లిపాదీ... ఇలా ఆ పేటవారికి దైనందిన జీవితంలో భాగమైపోయిన ఈ తోట పేరు నాగేశ్వరరావు పార్కు. నిత్యం ఆ పేరు పలికే వారందరికీ దాని వెనుక ఉన్న మనిషి తెలియకపోవచ్చు. ఆయన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన పంతులు గారు బొంబాయిలో 1893లో అమృతాంజనం తయారీ ఆరంభించారు. తలనొప్పి మందుతో వచ్చిన ఆదాయాన్ని ఆయన పత్రికలకు, పుస్తకాలకు, సత్కార్యాలకు వెచ్చించారు. బొంబాయిలోనే వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు తరలివచ్చి దినపత్రికగా మారింది. 1924లో ‘భారతి’ సాహిత్య మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలువడ్డాయి. తెలుగు సాహిత్య చరిత్ర చదివిన వారెవరికైనా ‘భారతి’ పాత సంచికలతో పరిచయం లేకుండా పని జరగదు. జాతీయోద్యమంలో కారాగారవాసం కూడా చేసిన పంతులు గారు 1938లో కన్నుమూశారు.

ఆయన నివాసం పేరు శ్రీబాగ్. అది కూడా మైలాపూరులోనిదే. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమై ఒక అవగాహనకు వచ్చింది ఆ ఇంటిలోనే. విశ్వవిద్యాలయ కేంద్రం, నీటిపారుదలలో రాయలసీమకు ప్రాధాన్యం, రాజధాని లేక హైకోర్టు ఎంపిక వంటి అంశాలపై కుదిరిన ఆ శ్రీబాగ్ ఒడంబడిక ప్రస్తావన నేటికీ ఆంధ్రప్రదేశ్ రాజకీయ చర్చల్లో వినిపిస్తూనే ఉంటుంది. తెలుగు నేల భవితవ్యాన్ని మాట్లాడుకున్న పేటలోనే ఈనాడు తమిళ పిల్లలు ఉయ్యాలలూగుతున్నారు. పంతులు గారు దీనికి సంతోషించి ఉండేవారనే అనిపిస్తుంది.

ఇక పార్కు సంగతి. చెన్నై నగరపాలక సంస్థకు చెందిన ఈ ఉద్యానం నిర్వహణను సుందరం ఫైనాన్స్ సంస్థ చూస్తున్నది. చుట్టూ నడక బాట, పిల్లలకు ఆటస్థలం, షటిల్ ఆడుకునేందుకు కోర్టు, చెట్ల నీడన కూర్చునేందుకు బల్లలు ఉన్నాయి. ఇందులో అబ్బురపడవలసినది ఏదీ లేదు. పెద్ద ఫౌంటెనో, రంగుల దీపాల ప్రదర్శనో చూడాలని వచ్చేవారికి నిరాశే మిగులుతుంది. అయితే ఇంటి నుంచి నడిచి రాగలిగే దూరంలో ఉండటం, పిల్లలు ఆడుతుంటే పెద్దలకు కనుచూపు మేరలోనే ఉండటం, తాత ఒక చోట, మనుమరాలు మరొక చోట తమకు తోచినట్లు కాలం గడపగలగడం... పేట పార్కుకు కావలసినవి ఇవే.

ఇక్కడి విశేషం ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మైలాపూరు కర్ణాటక సంగీతానికి పుట్టినిల్లు వంటిది. ఆదివారం ఉదయం ఈ పార్కులో మైకు లేకుండా బాల కళాకారుల కచేరీలు ఏర్పాటు చేయడం ఆనవాయితీగా ఉన్నది. ధ్వనివర్ధకం లేదు కనుక వినదలచినవారు దగ్గరగా వచ్చి కూర్చోవాలి. నడక మధ్యలో ఆగి ఒక కీర్తన విని మళ్లీ నడక సాగించేవారికీ అభ్యంతరం లేదు. సభా మందిరంలో మొదటి వరుసను చూసి బెదిరే పిల్లవాడికి ఇంతకంటె మంచి వేదిక దొరకదు.

ఇంతకూ ఒక పేటకు ఎంత పార్కు ఉండాలి? కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2014 నాటి ప్రణాళికా మార్గదర్శకాలు ఐదు వేల జనాభాకు అర హెక్టారు, పదిహేను వేల జనాభాకు ఒక హెక్టారు చొప్పున ఉద్యానాలను సూచించాయి. నగరంలో తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలన్నది వాటి లక్ష్యం. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఆ లెక్కన నాగేశ్వరరావు పార్కు పేట పార్కు కొలతకు మించినదే, కానీ మైలాపూరు జనసాంద్రత ముందు ఆ మిగులు నిలవదు. లేఅవుట్ పటంలో ఆకుపచ్చ రంగులో మెరిసి, నేల మీద కనుమరుగైన పార్కులు మన నగరాల్లో కొత్త కాదు. ఉన్న నాలుగు ఎకరాలను నాలుగు ఎకరాలుగానే నిలుపుకోవడం అన్నింటికంటె కష్టమైన పని.

చెన్నైకి వెళ్లే తెలుగు కుటుంబాలు కపాలీశ్వరాలయ దర్శనంతో పాటు ఈ పార్కుకు ఒక సాయంత్రం కేటాయించవచ్చు. సబర్బన్ పద్ధతిలో నడిచే ఎంఆర్‌టీఎస్ రైలులో వచ్చేవారు తిరుమయిలై స్టేషనులో దిగాలి. లజ్ ప్రాంతంలో మెట్రో రెండవ దశ భూగర్భ స్టేషను పనుల కారణంగా వాహనాల రాకపోకలు మళ్లించి ఉండవచ్చు, అందుచేత కారు కంటె రైలు, కాలినడక మేలు. తమిళనాడులో ఒకసారి వాడి పారవేసే పలు రకాల ప్లాస్టిక్ వస్తువులపై 2019 జనవరి 1 నుంచి నిషేధం అమలులో ఉన్నందున మంచినీళ్ల సీసా, ఫలహారాల డబ్బా ఇంటి నుంచే తెచ్చుకోవడం ఉత్తమం. వేసవిలో ఎండ తగ్గిన తరువాతనే పిల్లలను తీసుకువెళ్లాలి. వర్షాకాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల జోరు చూసుకొని బయలుదేరాలి.

అక్కడికి కొద్ది దూరంలోనే రాయపేట హైరోడ్డు మీద, ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణాలర్పించిన పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉన్నది. పార్కులో పిల్లలు అలసిపోక మునుపే దానిని చూసి రావడం మంచిది.